పాత కేసు వంతు ఎప్పుడు?

సత్తెనపల్లిలో ఓ కోల్డ్ స్టోరేజీ ముందు ఆరుబయట దించిన మిర్చి టిక్కీ (గోతం) ఒకటి మాయమైందనుకోండి. పోలీసులు మొదట తలుపు తట్టేది స్టేషన్ రికార్డులో పేరున్నవాడి ఇంటిదే. ఆ రాత్రి వాడెక్కడున్నాడన్నది తర్వాతి సంగతి.

ఈ ప్రాంతానికి ఇది పాత అలవాటే. మద్రాసు ప్రెసిడెన్సీలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తర్వాత గట్టిగా అమలైనప్పుడు, ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, కృష్ణ ఒడ్డున సీతానగరంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. దొంగతనం చేసినవాడూ, ఆ తెగలో పుట్టడం తప్ప ఇంకేమీ చేయనివాడూ ఒకే హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఆ చట్టం దేశమంతటా 1952లో పోయింది, పోలీసులు మనిషి నేరచరిత్ర రాసుకునే హిస్టరీ షీట్లు మిగిలాయి. వెనుకబడిన వర్గాలవారి మీద యాంత్రికంగా షీట్లు తెరిచే తీరును రాష్ట్రాలన్నీ మళ్లీ చూసుకోవాలని సుప్రీంకోర్టు 2024 మేలో కూడా చెప్పాల్సి వచ్చింది.

కోర్టులో మాత్రం వరస వేరు. నిందితుడి చెడ్డపేరు ఈ దొంగతనానికి రుజువు కాదని సాక్ష్య చట్టం అంటుంది. వారంట్ కేసులో పాత శిక్ష సంగతి మేజిస్ట్రేటు చదివి వినిపించాల్సింది కూడా కొత్త నేరం రుజువయ్యాకే. అందుకే మంచి డిఫెన్స్ లాయరు మనిషి చరిత్ర జోలికి పోకుండా ముందు టిక్కీనే పట్టుకుంటాడు. గోతం మీద రైతు గుర్తు ఉందా? లాట్ నంబరు స్టోరేజీ రిజిస్టరుతో కలుస్తోందా? మధ్యవర్తుల నామాలో (పంచనామాలో) ఆ నంబరు ఎక్కిందా? గోతం విప్పి పోస్తే ఎవరి మిర్చయినా ఎర్రగానే ఉంటుంది మరి!

నేరం రుజువైతే పాత శిక్ష బరువు తెలుస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే సమాజ సేవతో బయటపడతాడు. టిక్కీలో 45 కిలోలుంటే, క్వింటా 10,000 పలికిన రోజున అది 4,500 రూపాయల సొత్తు. ధర 12,000కు లేచిందా, 5,400! యార్డు ధర శిక్షను మార్చేయడం విడ్డూరమే. రెండోసారి దోషిగా తేలినవాడికి ఆ విడ్డూరమూ అక్కరకు రాదు. ఈ సెక్షన్ కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన శిక్ష. పాత శిక్ష వల్ల శిక్ష పెరిగే కేసులో సొత్తు యజమానితో రాజీ కూడా కుదరదు.

ఇక్కడే లాయర్లకు పని ఉంది. కొట్టేసిన కేసు శిక్ష కాదు, ఇంకా నడుస్తున్న కేసూ శిక్ష కాదు. పాత శిక్ష న్యాయ సంహితకు ముందున్న ఐపీసీ 379 కింద పడిందైతే, పెంచిన శిక్ష ‘ఈ సెక్షన్ కింద’ రెండోసారి దోషిగా తేలినవారికే అన్న మాటలను పట్టుకుని వాదించవచ్చు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం నాలుగో సెక్షన్ కూడా పాత శిక్ష ఉన్నంత మాత్రాన తలుపు మూయదు.

ఇవేవీ చూడకుండా, “ఒప్పేసుకో, ఉన్న రోజులే శిక్ష వేస్తారు, సాయంత్రానికి ఇంటికెళ్తావు” అని కోర్టు వరండాలో చెప్పే సలహా చవకగా కనిపిస్తుంది. అలా ఒప్పుకున్నదే తర్వాతి కేసులో పాత శిక్షగా ముందుకొస్తుంది. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. రిమాండుకు తెచ్చిన రోజే మేజిస్ట్రేటును అడగవచ్చు. ఇంట్లోవాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. వచ్చిన లాయరు చేతిలో ముందు పెట్టాల్సింది పాత తీర్పు కాపీ.