మొక్కుల బెల్లం, గానుగ పనితనం

బెల్లం తయారీ చెరకు తోట పక్కనే సాగే పని. నరికిన చెరకును వెంటనే గానుగ ఆడాలి. నిలవ ఉంచితే రసంలోని చక్కెర విరిగి బెల్లం గట్టిపడదు. వడకట్టిన రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పినే పొయ్యిలో వేసి కాస్తారు. కాస్త సున్నం కలిపితే మలినాలు తెట్టుగా తేలతాయి, ఎప్పటికప్పుడు తీసేయాలి. కొన్నిచోట్ల ఇందుకు బెండ కాడల జిగురు వాడతారు.

అసలు విద్య పాకం దించడంలో ఉంది. చల్లని నీళ్లలో వేసిన పాకం ఉండ కట్టే అదను పట్టుకోవాలి. ముందే దించితే దిమ్మ నిలవదు, ఆలస్యమైతే మాడు రుచి. బుడగల తీరు చూసి పాకం చెప్పగల పనివాడి నేర్పు చిన్నది కాదు. ఇంతా చేస్తే 100 కిలోల చెరకుకు దక్కేది సుమారు 10 కిలోలే.

ఈ శ్రమకు భక్తి పెద్ద అండ. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని ‘నిలువెత్తు బంగారం’గా సమర్పిస్తారు. మంగళగిరి నరసింహస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. శ్రీరామనవమి పందిళ్ల సంగతి సరేసరి!

తెల్లటి బెల్లమే మేలైనదన్న అపోహ వల్ల కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతున్నారు. మొక్కు తీర్చుకునేవారు వీలైతే గానుగ దగ్గరే, ముదురు రంగు దిమ్మను అడిగి కొనాలి.