కల్లం దగ్గరే మొదలయ్యే ఆరోగ్యం

సంక్రాంతి దాటాక పల్నాడులో ఎటు వెళ్లినా మిరప కల్లాలే. ఈపూరు, వినుకొండ వైపు మెట్ట చేల పక్కన ఎర్రగా పరిచిన కాయలు, వాటి మధ్య తాలు ఏరే ఆడకూలీలు. టిక్కీలకు (బస్తాలకు) ఎత్తి గుంటూరు యార్డుకు తోలేదాకా రైతుకు కంటి మీద కునుకుండదు. ఈ శ్రద్ధంతా ధర కోసమే అనుకుంటాం. కానీ కాయను ఎండబెట్టడంలోని నేర్పు, వంటింట్లో దానికి పసుపు, నూనె జతచేసే తీరు మన ఒంట్లోని డీఎన్‌ఏకు కాపుదల కూడా. ఆ సంగతి తెలిస్తే ఈ పని మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

మన కణాల్లో డీఎన్‌ఏ నిత్యం దెబ్బతింటూనే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, కొన్ని రసాయనాలే కాదు, కణం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు పుట్టే పదార్థాలు కూడా దాన్ని గాయపరుస్తాయి. ఒక్కో కణంలో రోజుకు వేల గాయాలు. అయినా నిలబడుతున్నామంటే మరమ్మతు ఎంజైముల చలవే. పార్ప్ అనే ఎంజైము పోగు తెగిన చోటును పసిగట్టి మిగతా వాటిని రప్పిస్తుంది. చెడిన ముక్కను ఒకటి కత్తిరిస్తుంది, పాలిమరేజ్ ఖాళీ పూరిస్తుంది, లైగేజ్ అతుకు వేస్తుంది. మగ్గం మీద తెగిన దారం తీసి, కొత్తది వేసి, ముడి కనపడకుండా నేతగాడు కలిపే పని లాంటిదే ఇది. ఈ మరమ్మతు రహస్యం విప్పినందుకే టోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ఎంత నేర్పున్న మరమ్మతుకైనా ఒక హద్దుంటుంది. అందుకే గాయం కాకుండా చూసుకోవడం మొదటి మేలు. కల్లం చేసే పని అదే.

చెట్టు మీద పూర్తిగా పండిన కాయనే కోస్తారు. కోసిన కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే మధ్యలో కలిసిన దోరకాయ కూడా రంగు తిరుగుతుంది. తరవాత పలచగా పరుస్తారు, రోజూ తిరగేస్తారు. పొద్దు వాలగానే కుప్ప చేసి పట్టలు కప్పుతారు, మంచు తగలకుండా. తెల్లారి మంచు ఆరాకే మళ్లీ పరుస్తారు. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే గింజ గలగలమనాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగిందనడానికి అదే గుర్తు. రంగు మాసిన తాలుకాయను వేరే పోగు పెడతారు.

ఈ జాగ్రత్తల్లో ఏది తప్పినా బూజు పడుతుంది. బరువు కోసమో, కాయ విరగకూడదనో నీళ్లు చల్లి బస్తాలకెత్తినా అంతే. ఆ బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనేది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. మన కాలేయమే దాన్ని ఇంకా చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే భాగానికి గట్టిగా అతుక్కుంటుంది. మరమ్మతు పూర్తికాకముందే కణం రెండుగా చీలితే ఆ తప్పు శాశ్వతమై, కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోతే, కారణం ఆరా తీసినవాళ్లలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు. ఎండుమిర్చి కిలోకు అఫ్లాటాక్సిన్ బి1 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు. చెవి దగ్గర గింజ ఆడించి చూసే రైతు, తెలియకుండానే, ఈ పరీక్షకు కాయను సిద్ధం చేస్తున్నాడు.

ఇక వంటిల్లు. తడి తగలనివ్వని జాగ్రత్త ఇక్కడా అంతే. పండుమిరప పచ్చడి పెట్టే ఇల్లాలు కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తొడిమలు తీస్తుంది. ఉప్పు, చింతపండు, పసుపు వేసి దంచి జాడీకెత్తుతుంది. తడి చెయ్యి పెట్టనివ్వదు. ఉప్పు, పులుపు బూజును రానివ్వవు. అన్నంలోకి తీసేటప్పుడు నూనెతో తిరగమోత పెడుతుంది. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఆ తిరగమోత రుచికే పరిమితం కాదు.

పసుపు మీద మన హైదరాబాద్‌లోనే మంచి పరిశోధన జరిగింది. జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చింది. జన్యువులను మార్చే పదార్థాలు వాళ్ల మూత్రంలో బాగా తగ్గాయని 1992లో ప్రచురించింది. ఆర్సెనిక్ కలిసిన నీళ్లు తాగే పశ్చిమ బెంగాల్ జనం మీద చేసిన అధ్యయనంతో కోల్‌కతా పరిశోధకులు 2011లో ఇంకో మెట్టు ఎక్కారు. కర్కుమిన్ తీసుకున్నవాళ్లలో డీఎన్‌ఏ గాయాలు తగ్గడమే కాదు, పార్ప్, పాలిమరేజ్, లైగేజ్ వంటి మరమ్మతు ఎంజైములు పెరిగాయి. అంటే కర్కుమిన్ తానే గాయం మాన్పలేదు, ఒంట్లోని పనివాళ్లను మేల్కొలిపింది.

అలాగని పసుపు క్యాన్సర్ మందు కాదు. ఆ ప్రయోగాలు చిన్నవి, వాటిలో కొన్నింటిలో ఇచ్చిన మోతాదు మన కూరలో పడేదానికన్నా చాలా ఎక్కువ. కర్కుమిన్ ఒంటికి పట్టడం కష్టం. మిరియాల్లోని పైపరిన్ తోడైతే 20 రెట్లు ఎక్కువ పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధన తేల్చింది. పసుపు, మిరియాలు వేసి వేడి పాలు తాగించే అలవాటులోని తెలివి అది. అదే పసుపును గోలీల రూపంలో ఎక్కువ తింటే కాలేయం దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. చాలా క్యాన్సర్ చికిత్సలు కణితి డీఎన్‌ఏను దెబ్బకొట్టేవే; మరమ్మతును పెంచేది కణితికీ తోడుపడవచ్చు. కనుక చికిత్సలో ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ఏ గోలీ వేసుకోకూడదు.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేను. మనకు ఇంత శ్రద్ధగా కాయను పండించి ఇచ్చేవాళ్ల డీఎన్‌ఏకు కాపుదల లేదు. పత్తి చేలలో పురుగుమందు కొట్టే కూలీల రక్తకణాల్లో క్రోమోజోముల లోపాలు ఎక్కువగా ఉన్నాయని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980లలోనే చూపించారు. పల్నాడులో పత్తీ మిరపా పక్కపక్కనే పండుతాయి, మందు కొట్టే చేతులూ అవే. మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. తొడుగులు, సరైన మాస్కు, పని అయ్యాక స్నానానికి నీళ్లు కూలీకి ఇవ్వడం రైతు బాధ్యత. ఊరికి నాలుగు సిమెంటు కల్లాలు, చాలినన్ని పట్టలు అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. తాలు లేని కాయ చూసి కొని, ఎండలో ఒకరోజు వేసి, మరలో ముందుండి కారం పట్టించుకోవడం మన బాధ్యత. పొడి కారంలో సుడాన్ అనే కృత్రిమ రంగులు కలిపిన మోసం 2003లో యూరప్‌నే కుదిపేసింది. ఎండు కాయ చూసి కొనేవాళ్ల దగ్గర ఆ మోసం సాగదు. ఈ నేర్పు మన పెద్దలు మనకు అప్పగించారు. దాన్ని రసాయనాల భయం లేకుండా రేపటి పిల్లలకు అప్పగించాల్సింది మనం.