జీవన నాణ్యత కొలతలో కులం ఎక్కడ?

హెచ్‌ఐవితో బతుకుతున్న వాళ్ల 'జీవన నాణ్యత' మీద మేం చదివిన థీసిస్‌లలో తరచుగా కనపడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన డబ్ల్యుహెచ్ఓక్యుఓఎల్-హెచ్‌ఐవి బ్రెఫ్ అనే ప్రశ్నావళి. మొత్తం 31 ప్రశ్నలు. గడిచిన రెండు వారాల బతుకు గురించి అడుగుతారు. ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకెకు సున్నా చుట్టాలి. శరీరం, మనసు, ఇంకొకరి మీద ఆధారపడకపోవడం, మనుషులతో సంబంధాలు, పరిసరాలు, విశ్వాసాలు అని ఆరు భాగాలు. ఒక్కో భాగానికి 4 నుంచి 20 లోపు స్కోరు వస్తుంది.

దీన్ని మేం తీసిపారెయ్యడం లేదు. సిడి4 కణాలెన్ని, వైరల్ లోడ్ ఎంత అని రక్తాన్ని మాత్రమే అడిగే వైద్యం మనిషిని కూడా అడగాలని ఒప్పుకోవడం మంచిదే. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టి మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మందులు అందినవాళ్లకు చావు వెనక్కి జరిగాక, ఎట్లా బతుకుతున్నారని అడగాల్సిందే. మా పేచీ ఆ జవాబును ఏం చేస్తున్నారన్న దగ్గర.

ఒక ఏఆర్‌టి కేంద్రం బయట బెంచీ మీద కూర్చుని, చదువురాని వాళ్లకు ఈ ప్రశ్నలు చదివి వినిపించే పని కొన్నాళ్లు చేశాం. మిర్చి కోతలకు పోయే ఒక మాదిగ తల్లిని, ఉంటున్న ఇంటితో ఎంత తృప్తిగా ఉన్నారని అడిగాం. "ఉన్నదాంట్లో బానే ఉందయ్యా, వాన కురిస్తే ఓ మూలకి జరుగుతాం" అంది. నాలుగుకు సున్నా చుట్టాం. అదే రోజు సొంత డాబా ఉన్న ఒక రైతు రెండుకు చుట్టమన్నాడు. జబ్బు బయటపడ్డాక ఇంట్లోవాళ్లు మేడమీద గదిలో వేరుగా పెట్టారని ఆయన బాధ. ఆ బాధ అబద్ధం కాదు. కానీ కంప్యూటర్‌కి ఎక్కేసరికి కారే రేకుల ఇల్లు 4, డాబా 2 అయ్యాయి. (మా ఇంట్లో అడిగినా ఆ తల్లి చెప్పిన జవాబే వస్తుంది.)

నీకింతే అని తరతరాలుగా చెప్పించుకున్న వాళ్ల తృప్తినీ, ఉన్నది పోగొట్టుకున్న వాళ్ల అసంతృప్తినీ ఒకే గీత మీద పెట్టి సగటు తీస్తే ఏం తేలుతుంది? కులాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలే ప్రమాదం ఉంది. తేడా కనపడినా చదువు, ఆదాయం లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చేశాక అది తగ్గిపోతుంది. ఆ చదువు, ఆ ఆదాయం ఎవరికి ఎందుకు లేవన్నది మాత్రం సర్దుబాటుకు అందదు. ఇల్లు, డబ్బు, ఆస్పత్రి, రవాణా, భద్రత వంటి ఎనిమిది ప్రశ్నలు కలిపి 'పరిసరాలు' అనే ఒక్క అంకె అవుతాయి. వెలివాడ ఆ అంకెలో మునిగిపోతుంది.

ఇంకో చిక్కు 'అంటు' దగ్గరుంది. తెలుగులో అంటు రోగానికీ ఉంది, మనిషికీ ఉంది. తెలిసినవాళ్లు మిమ్మల్ని ఎంతవరకు కలుపుకుంటున్నారని ప్రశ్నావళి అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఆ తల్లి, "జబ్బు రాకముందు మాత్రం ఎవరు కలుపుకున్నారయ్యా?" అని మమ్మల్నే అడిగింది. దానికి ఏ అంకెకు సున్నా చుట్టాలి? పై కులపు రోగికి గ్లాసు వేరుపడటం కొత్త అవమానం. ఈమెకు గ్లాసు ఎప్పుడో వేరుపడింది. హెచ్‌ఐవి ఉందని వివక్ష చూపితే 2017 చట్టం ఉంది, కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆస్పత్రి వరసలో ఆయా దూరంగా నిలబడమని కసిరినప్పుడు అది ఏ అంటుకో ఆమెకే తెలియదు. రెండు వారాల కొలతకు అసలే తెలియదు.

కులాన్ని మేం బయటినుంచి తెచ్చి అతికించడం లేదు. మనిషి తాను బతుకుతున్న సంస్కృతి, విలువల మధ్య తన స్థానాన్ని ఎట్లా చూసుకుంటాడన్నదే జీవన నాణ్యత అని ఆ సంస్థ నిర్వచనమే చెబుతోంది. ఈ దేశంలో ఆ 'స్థానం' ఎవరు నిర్ణయిస్తారో అంబేడ్కర్‌ని చదివినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

థీసిస్ రాస్తున్న మిత్రులు తృప్తితో పాటు ఉన్న సంగతినీ అడగాలి. పైకప్పు ఏమిటి, నీళ్లు ఎంత దూరం, మందులకొచ్చిన రోజు ఎంత కూలి పోయింది, జబ్బుకు ముందు ఎవరింట్లో అడుగుపెట్టనిచ్చేవాళ్లు అని రాసుకోవాలి. కులాన్ని మొదటి పేజీలో ఒక టిక్కుతో వదిలెయ్యకుండా, ఆ ఎనిమిది ప్రశ్నల జవాబులను కులాలవారీగా విడివిడిగా చూపాలి. గైడు ఒప్పుకోకపోతే అనుబంధంలోనైనా పెట్టండి.