బొమ్మలో అక్షరం ఎందుకు?

మాదాపూర్ శిల్పారామంలో దొరికే చేర్యాల బొమ్మలకు మనం ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తాం గానీ, ఆ కళ గోడ కోసం పుట్టలేదు. కాకిపడగల కథకులు పటం విప్పుతూ, ఒక్కో గడిలోని బొమ్మ చూపిస్తూ పాడితేనే కులపురాణం జనానికి అందేది. యూరపు మ్యానరిస్టు కాలపు క్రైస్తవ ముద్రాచిత్రాలనూ అలాగే చూడాలని నా వాదన. 1593లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన జెరోమ్ నదాల్ సువార్త చిత్రాల పుస్తకమే అందుకు సాక్ష్యం. రాగిరేకుల మీద చెక్కి ముద్రించిన 153 చిత్రాలు అందులో ఉన్నాయి. చాలావాటిని చెక్కింది వీరిక్స్ సోదరులు. బొమ్మ లోపల ఏ, బీ, సీ అని అక్షరాలు, అడుగున వాటి వివరణ. పక్కన కథకుడు లేడు కనుక చూపు నడిపించే పని ఆ అక్షరాలది.

మంగళవార్త, అంటే యేసు పుట్టబోతున్నాడన్న కబురు మరియకు అందే ఘట్టం, దాని చిత్రమే తీసుకోండి. గదిలో మరియ, ఎదుట దేవదూత గబ్రియేలు, పైన దేవదూతల సభ, మేఘంలోంచి మరియ మీదికి దిగే కిరణాలు. రంగు లేని ఈ కళలో వెలుగంటే ఉలి తాకని చోటు. రాగిని చెక్కకుండా వదిలిన మేర కాగితం తెల్లగా మిగులుతుంది. ఇంతవరకు తెలిసిన కథే. కానీ దూరంగా, చిన్నగా, ఎఫ్ దగ్గర మనిషి సృష్టి, జీ దగ్గర సిలువ! గబ్రియేలు కబురు తెచ్చిన ఘట్టంలో సువార్త ఈ రెంటినీ చెప్పదు. ఆదాము సృష్టి, దేవుడు మరియ గర్భంలో మనిషి కావడం, ఆయన మరణం ఒకే తేదీన జరిగాయన్నది పాత క్రైస్తవ నమ్మకం. అక్షరాల వెంట వెళ్లినవాడు పుట్టుక కబురు వింటూనే చావు దగ్గరికి చేరతాడు. ఇక్కడ ప్రతీక అంటే ఆ ప్రయాణమే.

అక్షరాలు బొమ్మకు మచ్చ అనేవారున్నారు, చూసేవాడి స్వేచ్ఛను లాగేసుకుంటాయనీ అంటారు. ఎటు చూడాలో చెప్పడం, ఏమనుకోవాలో చెప్పడం ఒకటి కావు. పైగా మూడు నాలుగు కాలాలను ఒకే చట్రంలో ఇరికించే ఈ శైలిలో దారి చూపేది లేకపోతే కన్ను తప్పిపోతుంది. ఆ దారి నుంచి బొమ్మను విడదీస్తే ఏమవుతుందో చూడండి: మొఘల్ చిత్రకారులు యూరపు దేవదూతలను తీసుకుని చక్రవర్తి తలపైన నిలిపారు, గొప్పగానే గీశారు. అయితే అక్కడ ఆ దూతలు రాజ్యానికి సాక్షులయ్యారు, ధ్యానానికి కాదు. అక్షరాలు చూపే వరుస పోతే అర్థం మారుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అందుకే పుస్తకంలోనో గ్యాలరీలోనో ఇలాంటి చిత్రాన్ని పెట్టేవారికి నా మనవి ఒకటే: అడుగునున్న రాతను కత్తిరించకండి, దాన్ని తెలుగులో కూడా పక్కన ఇవ్వండి.