భుజం మోయగలిగిందే పెద్ద తూటా

నా రాతబల్ల మీద ఒక ఇత్తడి గొట్టం నిలబడి ఉంటుంది. పొడవు మూడంగుళాలకు కాస్త తక్కువ. అడుగున మొలతాడు కట్టినట్టు ఒక పట్టీ. అక్కడి నుంచి మూతి దాకా నెమ్మదిగా సన్నబడే ఒళ్లు. భుజం ఉందా లేదా అనిపించే ఒక చిన్న వాలు. ఇంటికొచ్చినవాళ్లు అగరొత్తుల స్టాండనుకుంటారు. అది పేల్చేసిన .375 హాలండ్ అండ్ హాలండ్ మ్యాగ్నం తూటా. టాంజానియాలో ఉద్యోగం చేసిన రోజుల్లో, వేటకొచ్చే వాళ్లకు దారి చూపించి బతికిన ఒక ముసలాయన నా చేతిలో పెట్టాడు. నేను వేటగాణ్ని కాను, వేటగాళ్ల భజనపరుణ్ని. కాబట్టి ఈ వ్యాసంలో నిష్పాక్షికత వెతక్కండి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. ముగియడమే మంచిదైంది. నేను చెప్పేది ఆఫ్రికా మాట. అక్కడ కొన్ని దేశాల్లో అనుమతి పత్రంతో, లెక్క ప్రకారం, అడవిదున్న మీదికో ఏనుగు మీదికో వెళ్లే పద్ధతి ఇంకా ఉంది. అలా వెళ్లేవాడు ఏ తూటా పట్టుకెళ్లాలన్నది నూరేళ్లు దాటిన తగవు. ఆ తగవులో నాదొక పక్షం.

ముందు మ్యాగ్నం అన్న మాట సంగతి. అది సారా దుకాణం నుంచి వచ్చిందంటారు. మామూలు సీసాకు రెట్టింపు పట్టే వైన్ సీసాను మ్యాగ్నం అంటారు. మామూలు తూటాకన్నా ఎక్కువ మందు పట్టేదానికి ఇంగ్లండు తుపాకీ పనివాళ్లు అదే పేరు తగిలించారు. హాలండ్ అండ్ హాలండ్ 1835లో లండన్‌లో మొదలైన కొట్టు. 1883లో ‘ది ఫీల్డ్’ పత్రిక పెట్టిన రైఫిల్ పోటీల్లో అన్ని తరగతుల్లోనూ వాళ్లే గెలిచారు. 1912లో ఈ .375ను బయటపెట్టారు. చరిత్ర ఇంత చాలు. అసలు సంగతి పనితనం.

ఆ సన్నబడే ఒంటిని చూడండి. అప్పటి మందు కార్డైట్, సేమియా పుల్లల్లాంటిది. ఎండలో కాగిన తూటాలో అది మరింత ఉధృతంగా మండుతుంది. ఒత్తిడి పెరిగితే ఇత్తడి ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గదికి కరుచుకుంటుంది. నిటారుగా ఉన్న గొట్టమైతే ఊడిరాదు. ఎదురుగా దున్న, చేతిలో ఇరుక్కుపోయిన తుపాకీ, ఇక చెప్పేదేముంది! సన్నబడే ఒళ్లయితే బోల్టు వెనక్కి లాగిన మొదటి క్షణంలోనే అన్ని వైపులా వదులైపోతుంది. లోపలికి పోయేటప్పుడూ అంతే, వెన్నలో వేలు పెట్టినట్టు పోతుంది. కానీ ఇంత వాలు ఉన్నదాన్ని గదిలో సరైన లోతున ఆపేదెవరు? భుజం చాలదు. అందుకే ఆ మొలతాడు. పట్టీ గది అంచుకు ఆని తూటా ఆగుతుంది. అలంకారం అనిపించే ప్రతి గీతకూ ఒక కారణం ఉండటం కన్నా గొప్ప పనితనం ఏముంటుంది?

దీనికి అన్నలాంటిది .416 రిగ్బీ, 1911 నాటిది. లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ జర్మనీ మౌజర్ వాళ్ల పొడుగాటి యంత్రం చుట్టూ కట్టింది. 410 గ్రెయిన్ల బరువున్న గుండు, సెకనుకు 2,370 అడుగుల వేగం. అంత పెద్ద ఒంట్లో మందు తీరిగ్గా మండుతుంది కాబట్టి ఒత్తిడి తక్కువ. ఇక జంట గొట్టాల తుపాకుల వంశం వేరు. .450 తూటాలు తిరుగుబాటుదార్ల చేతికి పోతాయని బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోనూ సూడాన్‌లోనూ ఆ లావు కొలతను నిషేధించింది. దాంతో లండన్ పనివాళ్లు కొలత కాస్త జరిపి .470, .465 లాంటివి పుట్టించారు. అంటే ఈనాటి ఆఫ్రికా వేటగాడి భుజాన ఉన్న .470 వెనక మన దేశం మీద పెట్టిన ఒక నిషేధం ఉంది.

జంట గొట్టాల తుపాకీ తయారీ గురించి ఒక్కమాటైనా చెప్పకపోతే పాపం. రెండు గొట్టాలను పక్కపక్కన అతికితే రెండు గుండ్లూ ఒకేచోట తగలవు. పేలినప్పుడు కుడి గొట్టం కుడికి, ఎడమది ఎడమకు ఎగురుతాయి. అందుకని మూతుల దగ్గర గొట్టాలు కొద్దిగా దగ్గరకొచ్చేలా అతుకుతారు. ఎంత దగ్గరగా? అది కాగితం మీద తేలే లెక్క కాదు. పనివాడు పేల్చి చూస్తాడు. టంకం కరిగించి మధ్యనున్న సీలను వెంట్రుకవాసి జరిపి మళ్లీ అతుకుతాడు. మళ్లీ పేలుస్తాడు. రెండు గుండ్లూ ఒక్క అరచేతిలో పడేదాకా ఇదే పని. వీణకు మెట్లు కట్టేవాడి ఓపిక అది. ఆ ఓపికకే అంత ధర.

ఇప్పుడు మహానుభావుల మాట. డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే స్కాట్లండు మనిషి వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టాడు, అందులో ఎక్కువ భాగం .275 రిగ్బీ అని పిలిచే 7 మిల్లీమీటర్ల చిన్న తూటాతో. జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమానంగా ఇచ్చిన రైఫిలూ ఆ కొలతదే. 1926లో రుద్రప్రయాగ చిరుతను పడగొట్టిందీ అదే. మరి మ్యాగ్నం ఎందుకు అంటారు చిన్న తూటా భక్తులు. అయ్యా, బెల్ ఏనుగు పుర్రెను రంపంతో నిలువునా కోయించి మెదడు ఎక్కడుంటుందో చదువుకున్న మనిషి. ఖాళీ తుపాకీతో రోజూ గురి సాధన చేసినవాడు. ఏ కోణంలో నిలబడ్డా ఏనుగు తలలో రొట్టెముక్కంత చోటు ఆయనకు కనిపించేది. మనకు కనిపిస్తుందా? బెల్ చేశాడని మనం చేస్తే మిగిలేది గాయపడిన జంతువు, దాని వెనక పొదల్లోకి వెళ్లాల్సిన పాపం ఆ దారి చూపేవాడు.

ఈ చిక్కు విప్పినవాడు జాన్ టేలర్ అనే వేటగాడు, ‘పొందోరో’ అని పేరు. 1948లో అచ్చయిన ‘ఆఫ్రికన్ రైఫిల్స్ అండ్ కార్ట్‌రిడ్జెస్’ ఆయనది. ఆయన లెక్క సులువు. గుండు బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకు అడుగుల్లో, లావు అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 7000తో భాగించాలి. ఏనుగు తలకు తగిలే దెబ్బ ఎంత బరువైనదో ఆ అంకె చెబుతుంది. బెల్ చిన్న తూటాకు 16 దాకా వస్తుంది. .375కు 40. .416కు 57. .470కి 70 దాటుతుంది. అంత లెక్క కట్టినాయన అందరికన్నా పెద్ద అంకెకు హారతి పట్టాడా? లేదు. ఒకే ఒక్క తుపాకీ ఉంచుకోమంటే .375నే ఎత్తాడు. ఎందుకంటే దాని 300 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,500 అడుగుల పైచిలుకు వేగంతో పోతుంది. పొడవాటి గుండు కాబట్టి ఎముకను దాటి లోతుకు దిగుతుంది. రెండొందల గజాల దూరం దాకా జింకను కొట్టే తుపాకీలాగే సూటిగా పోతుంది. అన్నిటికన్నా వింత, బరువులు వేరైన గుండ్లు కూడా దాదాపు ఒకేచోట తగులుతాయి. ఉదయం జింకకు, సాయంత్రం దున్నకు గురి మార్చే పని లేదు.

.416 పక్షం వాళ్లకు హ్యారీ సెల్బీ అనే వృత్తి వేటగాడు ఉన్నాడు. ఆయన జంట గొట్టాల .470 బండి చక్రం కింద నలిగిపోయింది. నైరోబీ కొట్టులో దొరికిన .416 రిగ్బీని తాత్కాలికానికి కొన్నాడు. ఆ తాత్కాలికం దాదాపు యాభై ఏళ్లు సాగింది. రాబర్ట్ రూఆర్క్ అనే రచయిత 1953లో తెచ్చిన ‘హార్న్ ఆఫ్ ద హంటర్’లో ఆ తుపాకీని, ఆ మనిషిని లోకానికి చూపించాడు. ఏనుగు దగ్గరికి రోజూ వెళ్లే వృత్తి వేటగాడికి .416 ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. ఏడాదికో పదేళ్లకో ఒకసారి వెళ్లేవాడికి మాత్రం కాదు.

ఎందుకో చెబుతాను. తొమ్మిది పౌన్ల తుపాకీలో మామూలు .30-06 తూటా భుజాన్ని వెనక్కి తన్నే తన్ను 20 అడుగు-పౌన్లు ఉంటుందనుకుంటే, .375ది 40కి దగ్గర, .458 వించెస్టర్‌ది 60 దాటుతుంది, .460 వెదర్‌బీది నూరు దరిదాపుల్లో. నేను మొదటిసారి .458 పేల్చినప్పుడు రెండో తూటాకే కళ్లు వాటంతటవే మూసుకుపోయాయి. నేను ధైర్యవంతుణ్నే అనుకుంటున్నాను, నా కనురెప్పలు అనుకోలేదు. ముసలాయన నవ్వి ఒక పరీక్ష పెట్టాడు. తుపాకీ ఆయనే నింపి ఇస్తాడు, ఒకసారి అసలు తూటా, ఒకసారి ఉత్తుత్తిది. ఏది ఉందో మనకు తెలియదు. ఉత్తుత్తిది పడినప్పుడు ట్రిగ్గర్ నొక్కగానే గొట్టం మూతి కిందికి వంగిందంటే మన బెదురు బయటపడినట్టే. నాది జానెడు వంగింది. .375తో నాలుగు వారాలు అదే పరీక్ష పెడితే వంగడం ఆగింది. ఎంపిక అంటే ఇదే. దుకాణంలో పుస్తకం చూసి కాదు, బెదరకుండా మోయగలిగిన తూటాల్లో పెద్దదాన్ని తీసుకోవాలి. ఆఫ్రికాలో చాలా దేశాలు ప్రమాదకరమైన జంతువులకు .375ను కనిష్ఠంగా పెట్టాయి. చాలామంది భుజాలకు గరిష్ఠం కూడా అదే. కనిష్ఠం, గరిష్ఠం ఒకేచోట కలిసినప్పుడు ఇంకా వెతుకులాట ఎందుకు?

తర్వాతది గుండు. సింహం, జింకలకు మూతి మెత్తగా ఉండి లోపల పువ్వులా విచ్చుకునేది. ఏనుగుకు విచ్చుకోని గట్టి గుండు. దున్నకు మొదట విచ్చుకునేది, వెనకాల గట్టివి. దున్న పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందరి కాలి గీత వెంబడి చూపు పైకి తీసుకెళ్లి ఒంటి ఎత్తులో మూడోవంతు దగ్గర ఆపాలి. అక్కడ తగిలితే .375 చాలు. పొట్టలో తగిలితే ఫిరంగి కూడా చాలదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గురి తప్పినవాడు తూటాను తిడతాడు.

ఇక నా కడుపుమంట. మ్యాగ్నం అన్న మాటను అంగడి సరుకు చేశారు. .375కు మొలతాడు అవసరమై కట్టారు. 1962లో వచ్చిన 7 ఎం.ఎం. రెమింగ్టన్‌కు, 1963లో వచ్చిన .300 వించెస్టర్‌కు నిక్షేపంలాంటి భుజం ఉంది, ఆగడానికి అదే చాలు. అయినా పట్టీ తగిలించారు. మ్యాగ్నం అంటే పట్టీ ఉండాలని జనం నమ్మారు కాబట్టి! పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే. 1956లో .458 వించెస్టర్ వచ్చింది. జంట గొట్టాల బలం చవగ్గా ఇస్తామన్నారు. చిన్న గొట్టంలో మందు కూరికూరి పెట్టారు. కొన్నాళ్లకు మందు గడ్డకట్టి గుండు నీరసంగా పోతోందని వేటగాళ్లు గగ్గోలు పెట్టారు. 1959లో మొజాంబిక్‌లో దున్న కుమ్మిన జాక్ లాట్ అనే వేటగాడు, ఆ అసంతృప్తితోనే ఒళ్లు పొడిగించి .458 లాట్ తయారు చేసుకున్నాడు.

తుపాకీలదీ అదే కథ. మౌజర్ 98లో తూటా పెట్టెలోంచి లేవగానే ఒక గోరు దాని అంచు పట్టుకుంటుంది, గదిలోకి వెళ్లి వచ్చేదాకా వదలదు. కంగారులో సగం తోసి వెనక్కి లాగినా తూటా ఇరుక్కోదు. వించెస్టర్ మోడల్ 70లోనూ అదే గోరు. 1964లో ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేశారు. పాతవాటి ధర ఆకాశాన్నంటింది. కొనేవాళ్లు ముప్పై ఏళ్లు సణిగాక 1990ల్లో మళ్లీ తెచ్చారు. బర్మింగ్‌హామ్‌లోని కైనాక్ కంపెనీ పాత పెద్ద తూటాల తయారీ 1960ల్లో ఆపేసినప్పుడు ఎన్ని లండన్ తుపాకులు గోడలకు వేలాడాయో! ఈమధ్య ఇంకో జాడ్యం, వెయ్యి గజాల నుంచి దుర్బీనులో చూసి జంతువును కొట్టి వీడియో పెట్టుకోవడం. గుండు చేరేలోగా జంతువు ఒక అడుగు వేస్తే? దగ్గరికి నడిచి, గాలి చూసుకుని, ఎన్నోసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడే వేటగాడు. మిగతాది దూరం నుంచి చంపడం.

మనకేం సంబంధం అంటారేమో. 1910లో సికిందరాబాద్ బొల్లారంలో పుట్టిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చామల లోయ పులి కథ రాసింది మన చిత్తూరు అడవుల నుంచే. ఆయన భుజాన ఉన్నది మ్యాగ్నమూ కాదు, కొత్తదీ కాదు, పాత .405 వించెస్టర్. ఆయన దాన్ని మార్చలేదు, చేతికి అలవాటు చేసుకున్నాడు.

ఏ దేశంలో ఉన్నా, చట్టం అనుమతించి, పెద్ద జంతువు ఎదుటికి వెళ్లబోయే తెలుగువాళ్లకు నా విన్నపం ఒక్కటే. పిచ్చుక మీదికి బ్రహ్మాస్త్రం ఎత్తకండి, ఏనుగు మీదికి వడిసెల ఎత్తకండి. మౌజర్ గోరున్న పాత .375 ఒకటి వెతికి కొనండి. మిగిలిన డబ్బంతా తూటాలకు పెట్టి, ఉత్తుత్తి తూటా పడినప్పుడు కూడా గొట్టం కదలనంత వరకు పేల్చండి. అప్పటిదాకా అడవికి వెళ్లకండి.