ఇల్లూ బడీ: హావర్త్ పార్సనేజి నిర్మాణం – ఒక పరిశీలన

మన కళాశాలల్లో బ్రాంటీ సోదరీమణుల నవలలను బోధించేటప్పుడు బీడునేలల అంచున ఒంటరిగా నిలిచిన ఒక రాతి ఇల్లు తప్పక ప్రస్తావనకు వస్తుంది. 1857లో ఎలిజబెత్ గాస్కెల్ ప్రచురించిన షార్లెట్ జీవితచరిత్ర ఈ ఏకాంత చిత్రాన్ని స్థిరపరచింది. యార్క్‌షైర్‌లోని హావర్త్ గ్రామంలో ఆ ఇంటిని దాని చెంతనున్న పాత బడితో కలిపి పరిశీలిస్తే ఈ భావనను సవరించుకోవలసి వస్తుంది.

చర్చి గురువు నివాసమైన పార్సనేజిని 1778–79లో జార్జియన్ శైలిలో నిర్మించారు. రెండంతస్తుల రాతి కట్టడం. నడుమ ద్వారం, దానికి ఇరువైపులా రెండేసి కిటికీలు. లోపల కుడివైపున తండ్రి పాట్రిక్ బ్రాంటీ చర్చి వ్యవహారాలు చూసిన గది, ఎడమవైపున కుమార్తెలు రచన సాగించిన భోజనశాల ఉన్నాయి. ఉద్యోగానికీ సాహిత్యానికీ మధ్య దూరం ఒక నడవ మాత్రమే.

బడి ఇందుకు భిన్నమైనది. పాట్రిక్ పూనికతో, విరాళాలతోనూ నేషనల్ సొసైటీ సహాయంతోనూ 1832లో వెలసిన నిరాడంబరమైన ఒంటి అంతస్తు కట్టడమది. షార్లెట్, ఆమె తోబుట్టువులు అక్కడి సండే స్కూలులో పాఠాలు చెప్పారు. ఇల్లు, బడి, చర్చి, శ్మశానం కలిసి ఒకే పదవికి చెందిన ఆవరణగా రూపొందాయి.

కీలకాంశం ఇక్కడే ఉంది. ఈ ఇల్లు కుటుంబపు ఆస్తి కాదు, పదవితో వచ్చిన వసతి. తండ్రి కన్నుమూస్తే కుమార్తెలు ఇల్లు విడిచి వెళ్ళవలసిందే. వారికి అందుబాటులో ఉన్న గౌరవప్రదమైన జీవనోపాధి బోధన ఒక్కటే. 1844లో పార్సనేజిలోనే పాఠశాల నడపాలని ప్రకటన పత్రం అచ్చువేయించారు. ఒక్క విద్యార్థినీ చేరలేదు. ‘జేన్ ఐర్’లో మోర్టన్ గ్రామపు బడి, 1853 నాటి ‘విలెట్’ చివర లూసీ స్నోకు దక్కిన, నివాసంతో కూడిన చిన్న పాఠశాల ఈ నేపథ్యంలో కొత్త అర్థాన్ని సంతరించుకుంటాయి. వాస్తవంలో సాధ్యపడని ఇల్లూ బడీ కలయికను షార్లెట్ కల్పనలో సాధించింది.

ఈ పఠనానికి పరిమితి లేకపోలేదు. ఎమిలీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’ను బడి గోడలతో వివరించలేము, అక్కడ బీడునేల ప్రాధాన్యం కాదనలేనిది. పైగా నేటి హావర్త్ నాటి హావర్త్ కాదు. తరువాతి గురువు జాన్ వేడ్ కాలంలో ఇంటికి ఒక పార్శ్వం అదనంగా చేరింది. 1879లో గోపురం మినహా పాత చర్చిని కూల్చివేశారు. 1928 నుండి పార్సనేజి మ్యూజియంగా ఉంది. రచయిత్రుల ఇల్లుగా దానిని చూసే సందర్శకుని దృష్టిలో అది ఉద్యోగ వసతి అన్న సంగతి వెనుకబడుతుంది.

కనుక బ్రాంటీ నవలల బోధనలో ఇంటి పక్కన బడినీ చూపడం అవసరం. ఏకాంతంలో వికసించిన ప్రతిభ అన్న వివరణ మనోహరమైనదే. కానీ నిలువనీడ కోల్పోతామన్న భయాన్నీ, జీతానికి పాఠాలు చెప్పిన శ్రమనూ అది మరుగుపరుస్తుంది.