అట్టముక్కల్లో ఆట చరిత్ర

2012లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డిఫయన్స్ పట్టణంలో ఒక కుటుంబం తాతగారి పాత ఇంట్లో సామాన్లు సర్దుతోంది. అటక మీద, చెక్క బొమ్మరిల్లు కింద, మసి పట్టిన అట్టపెట్టె ఒకటి బయటపడింది. అందులో పురికొసతో కట్టిన బేస్‌బాల్ కార్డులు దాదాపు 700 ఉన్నాయి. 1910 ప్రాంతంలో మిఠాయిలతో పాటు ఇచ్చిన కార్డులవి. టై కాబ్, సై యంగ్, హోనస్ వాగ్నర్ లాంటి దిగ్గజాల బొమ్మలు, రంగు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిలో 37 కార్డులు ఆ ఏడాదే వేలంలో 5 లక్షల 66 వేల డాలర్లు పలికాయి. సేకరణకర్తలు ఈ నిధిని ‘బ్లాక్ స్వాంప్ ఫైండ్’ అని పిలుచుకుంటారు.

అందరూ ధర గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ కుటుంబం చేసిన ఇంకో పని గొప్పగా అనిపిస్తుంది. పెట్టె ఎక్కడ దొరికింది, ఎవరి ఇల్లు, ఎలా కట్టి ఉంది అన్నది వాళ్లు దాచకుండా చెప్పారు. పాత వస్తువు విలువలో సగం దాని పుట్టుపూర్వోత్తరాల్లోనే ఉంటుంది.

ఈ అభిరుచికి మూలం సిగరెట్ పెట్టెలు. పెట్టె నలగకుండా లోపల పెట్టే అట్టముక్క మీద 19వ శతాబ్దం చివర్లోనే ఆటగాళ్ల బొమ్మలు అచ్చేయడం మొదలైంది. వాటిలో పేరు మోసింది 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన టి206 వరస. ఆ వరసలో వాగ్నర్ కార్డు అచ్చు మధ్యలోనే ఆగిపోయింది. పొగాకు అమ్మకానికి తన బొమ్మ వాడటం ఆయనకు ఇష్టం లేదని కొందరు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని కొందరు అంటారు. కారణం ఏదైనా, మిగిలిన కొద్ది కార్డుల్లో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది.

టి206 అన్న పేరు పెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి. చిందరవందరగా ఉన్న కార్డులన్నిటినీ వరసలుగా విడగొట్టి, 1939లో తొలి జాబితా వెలువరించాడు. ‘టి’ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డు, ‘ఇ’ అంటే తొలినాళ్ల మిఠాయి కార్డు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోతున్నా, 3 లక్షలకు పైగా కార్డులు, కాగితాలను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, తనే ఆల్బమ్‌లలో అతికించాడు. 1963లో ఆ పని ముగించిన కొన్ని వారాలకే కన్నుమూశాడు. ఆయన పెట్టిన గుర్తులే నేటికీ సేకరణకర్తల వాడుక.

ఇక కార్డు అసలుదో నకలో తేల్చే పరీక్ష సంగతి. టి206 కార్డు అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, సుమారు 3.6 సెంటీమీటర్ల వెడల్పు, 6.7 సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని భూతద్దం కింద పెట్టి ముందు చూడాల్సింది బొమ్మను కాదు, కింద ఉన్న పేరును. అసలు కార్డు రాతి అచ్చు మీద ఒక్కో రంగు విడిగా పడి తయారైంది కనుక, గోధుమరంగు అక్షరాలు గట్టి సిరాతో, నిండుగా కనిపిస్తాయి. ఈ కాలపు నకలులో అక్షరం కూడా రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం వెలిగించాలి. కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి బాగా వచ్చాయి. 1910 నాటిదన్న కార్డు నీలంగా మెరిసిపోతే ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

చివరగా అంచులు. నలిగిన అంచును కొద్దిగా కత్తిరిస్తే కార్డు కొత్తదానిలా కనిపిస్తుంది. అందుకే కొలత చూస్తారు, నాలుగు అంచుల అరుగుదల ఒకేలా ఉందా అని చూస్తారు. ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన వాగ్నర్ కార్డుకే ఈ మోసం జరిగింది. అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. తర్వాత జైలుకూ వెళ్లాడు.

జెర్సీలకు పరీక్ష వేరు. చేత్తో కుట్టిన అక్షరం గుండీకి ఎంత దూరంలో ఉంది, కుట్టు ఎక్కడ వంగింది అన్న గుర్తులను నాటి ఫొటోలతో పోల్చి చూస్తారు. 1932 వరల్డ్ సిరీస్‌లో, షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ చెయ్యి చాపి చూపించి మరీ హోమ్‌రన్ కొట్టాడని చెప్పుకునే ఆటలో వేసుకున్న జెర్సీని అలాగే నిర్ధారించారు. 2005లో 9 లక్షల 40 వేల డాలర్లు పలికిన ఆ జెర్సీ, 2024లో 2 కోట్ల 41 లక్షల డాలర్లకు పోయింది.

దొరికినదాన్ని కాపాడుకోవడం ఇంకో విద్య. పీవీసీ కవర్లు కాలం గడిచేకొద్దీ కార్డును పాడుచేస్తాయి. మైలార్ కవర్లు, ఆమ్లం లేని అట్టలు వాడాలి. సంతకం ఉన్న బంతికి ఎండ తగలనివ్వకూడదు, సిరా వెలిసిపోతుంది. మరక పోగొడదామని రబ్బరు, తడిగుడ్డ పట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ఇంత శ్రమ దేనికి? నల్లజాతి ఆటగాళ్లు వేరుగా ఆడిన బేస్‌బాల్ లీగ్‌ల చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది. 1947లో జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా మేజర్ లీగ్‌లు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసే ఉంచాయి. సిగరెట్, మిఠాయి, చూయింగ్‌గమ్ కంపెనీలు కూడా నల్లజాతి లీగ్‌ల ఆటగాళ్లకు కార్డులు దాదాపు వేయలేదు. వాళ్ల ఆటకు మిగిలిన సాక్ష్యం నల్లజాతి పత్రికల స్కోరు వివరాలు, గోడపత్రాలు, టికెట్లు, జట్టు ఫొటోలు. పరిశోధకులు పాత పత్రికల్లోంచి ఒక్కో ఆట లెక్కా ఏరి పేర్చారు. ఆ కృషి ఫలితంగా 2024లో ఆ అంకెలు మేజర్ లీగ్ అధికారిక రికార్డుల్లో చేరాయి. మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడనివ్వని జోష్ గిబ్సన్, .372 సగటుతో టై కాబ్‌ను దాటి జీవితకాల బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఆయన చనిపోయి అప్పటికి 77 ఏళ్లు.

దొరికినదాన్ని బీరువాలో దాచేస్తే అది ఒకరి ఆస్తిగానే ఉండిపోతుంది. నలుగురికీ చూపిస్తే ఇలా చరిత్రలో తప్పులు దిద్దే సాక్ష్యం అవుతుంది. కాబట్టి అమెరికాలో ఉన్న మన వాళ్లెవరికైనా పాత సామాన్ల అమ్మకంలో ఒక పాత స్కోరు కార్డో, జట్టు ఫొటోనో కంటపడితే, ధర అడిగే ముందు అది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. ఆ వివరం వేరే కాగితం మీద రాసి, తేదీ వేసి, దాంతోపాటే ఉంచండి. రెండు వైపులా ఫొటో తీసి తెలిసినవాళ్లకు చూపించండి. వస్తువు రేపు ఎవరి చేతికి వెళ్లినా, దాని కథ దాన్ని విడిచిపోకూడదు.